బోధన్‌కి కాపలా కాసిన డ్రాగన్!

డ్రాగన్ అనగానే చైనా గుర్తొస్తుంది. నిప్పులు కక్కుతూ రెక్కలు టపటపలాడించే హాలీవుడ్ సినిమా గుర్తొస్తుంది. పిల్లలున్న ఇంట్లో అయితే వీడియోగేమ్ గుర్తొస్తుంది. నిజామాబాద్ జిల్లా బోధన్ మాత్రం ఎవరికీ గుర్తురాదు. కానీ ఎనిమిది వందల ఏళ్ల క్రితమే కర్ణాటకలో ఒక కొండ మీద, రాతిలో చెక్కి మరీ చెప్పారు... పోదనపురం దగ్గర ఒక మహా విగ్రహం ఉందనీ, దాన్ని చూడ్డానికి మామూలు మనుషులు వెళ్లలేరనీ. ఎందుకు వెళ్లలేరంటే, అక్కడ అవి ఉన్నాయి. తల కోడిది, ఒళ్లు పాముది. పేరు కుక్కుట సర్పం!

నిజామాబాద్ నుంచి బస్సెక్కితే గంటలోపే బోధన్. దారిలో వరిచేలు, పసుపు మళ్లు, అక్కడక్కడా చెరకు. ఊళ్లో దిగి ఈ ఊరి కథేమిటని ఏ పెద్దమనిషిని అడిగినా ముందు చెప్పేది బకాసురుడి గురించే. భారతంలో పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం ఇదేనని ఇక్కడి నమ్మకం. ఊళ్లో చక్రేశ్వరాలయం ఉంది కదా, ఇంకేం సాక్ష్యం కావాలంటారు. బండెడు అన్నం, రెండు దున్నలు, తోలుకెళ్లిన మనిషి... రోజూ ఇదీ బకుడి మెనూ. ఆ బండి మీదున్నదంతా దారిలోనే భీముడు లాగించేసి, ఆపైన బకుణ్నీ చంపేశాడు. 'గా బకాసురుడు మా ఊరోడే సార్' అని ఆటోవాలా నవ్వుతూ చెబితే మనకూ నవ్వొస్తుంది. బీహార్‌లో ఆరా పట్టణం వాళ్లూ, బెంగాల్లో ఏకచక్ర అనే ఊరివాళ్లూ కూడా బకుడు మావాడేనంటారు. రాక్షసుడి కోసం కూడా ఇంత పోటీ ఉంటుందా అనిపిస్తుంది.

బకుడి కథ మనకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నన్నయ్య రాశాడు, నాటకాలు ఆడారు, సినిమాలు తీశారు. కోడిపాము కథ మాత్రం బోధన్‌లో పుట్టి పెరిగినవాళ్లకి కూడా తెలియదు. కారణం, అది మనం వినే కథల్లో లేదు. జైన పురాణాల్లో ఉంది.

ఆ బాహుబలి ఊరు

బాహుబలి అంటే ఇప్పుడు అందరికీ 2015 నాటి సినిమానే. ఈ బాహుబలి వేరు. మొదటి తీర్థంకరుడు ఋషభదేవుడి కొడుకు. ఋషభుడు సన్యసించేముందు రాజ్యాన్ని కొడుకులకు పంచాడు. పెద్దవాడు భరతుడికి అయోధ్య, బాహుబలికి పౌదనపురం. దీన్నే పోదనపురం అని కూడా అంటారు. భరతుడు లోకమంతా జయించి వచ్చాడు. తమ్ముడు మాత్రం తలవంచలేదు. సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి.

అప్పుడు మంత్రులు అడ్డుపడ్డారట. అన్నదమ్ముల తగవుకి ఇన్ని ప్రాణాలెందుకు, మీరిద్దరే తేల్చుకోండి అని. మూడు పోటీలు పెట్టారు. కళ్లార్పకుండా ఒకరినొకరు చూసుకోవడం ఒకటి. చెరువులో దిగి నీళ్లు చిమ్ముకోవడం రెండోది. కుస్తీ మూడోది. మూడింట్లోనూ బాహుబలిదే గెలుపు. కుస్తీలో అన్నని రెండు చేతులతో పైకెత్తాడు. కింద పడేస్తే కథ ముగిసినట్టే. పడేయలేదు. మెల్లిగా దింపాడు. ఓటమి తట్టుకోలేని భరతుడు చక్రం విసిరాడు. అది బాహుబలి చుట్టూ తిరిగి ఏమీ చేయకుండా ఆగిపోయింది. గెలిచినవాడికి ఆ క్షణంలో గెలుపంటే రోత పుట్టింది. రాజ్యం వదిలేసి అడవిలో నిలబడ్డాడు. ఏడాదిపాటు కదల్లేదు. కాళ్లకు తీగలు అల్లుకున్నాయి, పక్కన పుట్టలు లేచాయి, పుట్టల్లో పాములు చేరాయి.

తమ్ముడు జ్ఞాని అయ్యాక, చక్రవర్తి అయిన భరతుడు పోదనపురంలో అతడి విగ్రహం నిలబెట్టాడని కథ. ఎత్తు 525 విల్లులు. విల్లుకి నాలుగు మూరల చొప్పున లెక్కేస్తే మూడు వేల అడుగుల పైమాటే. దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా 2,717 అడుగులు. మన జిల్లా నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు ఇంటింటికీ ఉన్నారు కాబట్టి ఆ ఎత్తు ఎంతో వేరే చెప్పక్కర్లేదు. పురాణం లెక్కలు అలాగే ఉంటాయి లెండి.

కాలం గడిచింది. ఆ విగ్రహం చుట్టూ అడవి కమ్మింది. అడవి నిండా కుక్కుట సర్పాలు పుట్టాయి. ఒకటీ రెండూ కాదు, లెక్కలేనన్ని. అందుకే ఆ బాహుబలికి కుక్కుటేశ్వరుడని పేరొచ్చింది. (మన పిఠాపురంలోనూ కుక్కుటేశ్వరస్వామి ఉన్నాడు. ఆయన శివుడు, ఆ కథ వేరు.) పోనుపోనూ విగ్రహం మామూలు కంటికి కనబడటమే మానేసిందట. మంత్రసిద్ధి ఉన్నవాళ్లకే దర్శనం. అలా చూడగలిగినవాళ్లు ఆ విగ్రహం కాలిగోళ్లలోకి తొంగిచూస్తే, అద్దంలో కనబడినట్టు తమ పూర్వజన్మలు కనబడతాయట!

ఇదంతా ఎక్కడుందంటే... శ్రవణబెళగొళలో, గోమటేశ్వరుడి ప్రాకారం దగ్గర, 1180 ప్రాంతంలో బొప్పణ పండితుడు అనే కన్నడ కవి చెక్కించిన పద్య శాసనంలో.

అమ్మ పాలు ముట్టనంది

ఆ శాసనం అక్కడ ఎందుకుందో తెలియాలంటే చావుండరాయుడి కథ తెలియాలి. పదో శతాబ్దం చివర్లో గంగరాజుల దగ్గర మంత్రి, సేనాపతి. యుద్ధాల్లో ఆరితేరినవాడు. వాళ్లమ్మ కాళలాదేవికి ఎవరో పోదనపురం బాహుబలి గురించి చెప్పారు. ఆ స్వామిని చూసేదాకా పాలు ముట్టనని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఇలా ఒట్టు పెట్టుకుని కూర్చుంటే కొడుకుల పరిస్థితి ఎలా ఉంటుందో మనకు తెలియంది కాదు. అంత సేనాపతీ కిమ్మనకుండా ప్రయాణం కట్టాడు.

దారిలో శ్రవణబెళగొళలో చిన్నకొండ మీద బస చేశారు. ఆ రాత్రి దేవత కలలోకి వచ్చింది. పోదనపురం చాలా దూరం, అక్కడ కుక్కుట సర్పాలు కాపలా ఉన్నాయి, నువ్వు వెళ్లలేవు అంది. తెల్లారాక ఇక్కణ్నుంచే ఎదురుగా ఉన్న పెద్దకొండ మీదికి బాణం వెయ్యి, స్వామి అక్కడే కనబడతాడని చెప్పింది. బాణం వేశాడు. కొండ శిఖరంలోంచి బాహుబలి తొంగిచూశాడు. శిల్పులు ఆ శిఖరాన్నే తొలిచి విగ్రహం చేశారు. ఒకే రాయి, ఎత్తు దాదాపు 57 అడుగులు. ప్రతిష్ఠ జరిగింది 981లో అని సంప్రదాయం. 1981లో వెయ్యేళ్ల పండుగ చేశారు. పన్నెండేళ్లకోసారి జరిగే మహామస్తకాభిషేకం 1993, 2006, 2018లో జరిగింది. టీవీల్లో చూసే ఉంటారు, బిందెలకొద్దీ పాలు, పసుపు, చందనం.

అంటే ఏమిటన్నమాట? ప్రపంచమంతా వచ్చి చూసే శ్రవణబెళగొళ బాహుబలి ఒక 'బదులు'. అసలు వెళ్లాల్సింది పోదనపురానికి. కోడిపాముల భయంతో ఆగిపోతే, ఆగినచోట వెలిసిన విగ్రహం అది. అందుకే దానికి దక్షిణ కుక్కుటేశ్వరుడని పేరు.

ఇక్కడ ఒక అనుమానం చెప్పాలి. ఇది నా సొంత ఊహే, ఏ పురాణంలోనూ లేదు. 973లో రెండో తైలపుడు రాష్ట్రకూటుల్ని కూలదోసి చాళుక్య రాజ్యం నిలబెట్టాడు. గంగరాజులు రాష్ట్రకూటుల పక్షం. చివరి రాష్ట్రకూటుడు నాలుగో ఇంద్రుణ్ని మళ్లీ గద్దెనెక్కించాలని గంగ మారసింహుడు తంటాలుపడ్డాడు, కుదర్లేదు. ఆ ఇంద్రుడు 982లో శ్రవణబెళగొళలోనే నిరాహార వ్రతం పట్టి ప్రాణం వదిలాడు. అంటే చావుండరాయుడు తల్లిని తీసుకుని బయల్దేరిన రోజుల్లో బోధన్ దారి మొత్తం శత్రువుల చేతిలో ఉంది. ఓడిపోయిన పక్షం సేనాపతి ముసలితల్లిని వెంటపెట్టుకుని ఆ దారిన వెళ్లడం అయ్యే పనేనా? కలలో దేవత చెప్పిన కోడిపాములు ఇవేనేమో! 'దారి బాగాలేదమ్మా' అని తల్లికి చెప్పడానికి కొడుక్కి ఇంతకంటే మంచి మాట దొరకదు.

అన్నదమ్ముల పగ, పది జన్మలు

కోడిపాము పోదనపురానికి కాపలాదారుగానే వచ్చి ఆగిపోలేదు. దానికి అంతకన్నా పాత కథ ఒకటుంది. అది కూడా ఈ ఊళ్లోనే మొదలవుతుంది. గుణభద్రుడి ఉత్తరపురాణం మొదలుకొని హేమచంద్రుడి దాకా చాలామంది జైన కవులు చెప్పారు. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు గానీ, ఎక్కువమంది చెప్పే తీరు ఇది.

పోదనపురానికి అరవిందుడు రాజు. ఆయన కొలువులో విశ్వభూతి అనే బ్రాహ్మణుడు. ఇద్దరు కొడుకులు, కమఠుడు, మరుభూతి. పెద్దవాడు కోపిష్టి, దుడుకు. చిన్నవాడు నెమ్మదస్తుడు. తండ్రి తర్వాత చిన్నవాడికే కొలువులో పలుకుబడి పెరిగింది. ఓసారి మరుభూతి ఊళ్లో లేనప్పుడు కమఠుడు తమ్ముడి భార్యతో తప్పుదారి పట్టాడు. సంగతి రాజు చెవిన పడింది. రాజు కమఠుణ్ని అవమానించి ఊళ్లోంచి వెళ్లగొట్టాడు.

కమఠుడు కొండల్లోకి పోయి తాపసుల్లో కలిశాడు. రెండు చేతులతో బండరాయిని తల మీదికెత్తుకుని తపస్సు చేసేవాడు. అక్కడ ఊళ్లో మరుభూతికి నిద్రపట్టలేదు. తప్పు అన్నదే. అయినా, నా మూలంగానే కదా అన్న అడవుల పాలయ్యాడు అనుకున్నాడు. రాజు వద్దన్నా వినలేదు. వెతుక్కుంటూ వెళ్లాడు. అన్న కనబడగానే కాళ్ల మీద పడ్డాడు. 'అన్నా, ఇంటికి పోదాం రా' అన్నాడో, ఇంకేమన్నాడో... వంచిన ఆ తల మీద కమఠుడు ఎత్తిన బండ వదిలేశాడు.

తమ్ముడు మరుజన్మలో ఏనుగై పుట్టాడు. అన్న... కుక్కుట సర్పమయ్యాడు. రెండూ ఒకే అడవిలో.

ఏనుగు పేరు వజ్రఘోషం. మదంతో అడవినంతా అల్లకల్లోలం చేసేది. ఓనాడు యాత్రకు పోతున్న బిడారు మీద పడింది. జనం చెల్లాచెదరయ్యారు. ఒక ముని మాత్రం కదలకుండా కూర్చున్నాడు. ఆయన ఎవరో కాదు, పోదనపురం రాజు అరవిందుడే. రాజ్యం వదిలేసి సన్యాసం పుచ్చుకున్నాడు. ఆయన్ని చూడగానే ఏనుగుకి గతజన్మ గుర్తొచ్చింది. ఏనుగు కళ్లల్లో నీళ్లు తిరిగాయట. ఆనాటి నుంచీ హింస మానేసింది. పచ్చికొమ్మ విరిస్తే ప్రాణాలు పోతాయని ఎండుటాకులు, ఇతర ఏనుగులు విరిచి వదిలేసిన కొమ్మలు మాత్రమే తినేది. చల్లని నీళ్లు కలచకుండా, మిగతా మంద తొక్కి బురద చేసిన నీళ్లే తాగేది. చిక్కి శల్యమైంది. ఓ ఎండాకాలం నీళ్ల కోసం ఏట్లో దిగి బురదలో కూరుకుపోయింది. లేచే ఓపిక లేదు. అదే అదనుగా కోడిపాము వచ్చి కాటేసింది. ఏనుగు తొండమెత్తి దాన్ని విసిరికొట్టలేదు. ప్రశాంతంగా కన్నుమూసింది.

ఏనుగుల గురించి చెబుతుంటే ఇంకోటి గుర్తొచ్చింది. వేములవాడ చాళుక్యులు మొదట్లో బోధన్ నుంచే పాలించారు. వాళ్లలో యుద్ధమల్లుడనే రాజు పోదనలో బావి నిండా నూనె పోయించి, అందులో ఏనుగులకు స్నానాలు చేయించేవాడట. 966 నాటి పర్భణీ రాగిరేకుల్లో ఉంది ఈ సంగతి. అదే వంశంలో రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్న పంప మహాకవీ ఈ ముచ్చట చెప్పాడు. భరత బాహుబలుల కథతో ఆదిపురాణం రాసింది కూడా ఈ పంపడే, 941లో. అంటే పోదనపురం కథను కన్నడంలో తొలిసారి మహాకావ్యంగా విన్నది మన వేములవాడ కొలువే.

సరే, కథలోకి వద్దాం. ఏనుగుతో పగ తీరలేదు. తమ్ముడు ఎప్పుడు మనిషిగా పుట్టి సన్యసించినా, అన్న ఏదో రూపంలో వచ్చి ప్రాణం తీశాడు. ఒకసారి కొండచిలువై మింగాడు, ఒకసారి బోయవాడై బాణం వేశాడు, ఒకసారి సింహమై చీల్చాడు. మధ్యమధ్య నరకానికి పోయి వచ్చేవాడు. చంపిన ప్రతిసారీ తను ఇంకా కిందికి, చచ్చిన ప్రతిసారీ తమ్ముడు ఇంకా పైకి! ఆఖరికి మరుభూతి కాశీలో రాజకుమారుడై పుట్టాడు. ఇరవై మూడో తీర్థంకరుడు పార్శ్వనాథుడు అతడే. ధ్యానంలో ఉన్న పార్శ్వుడి మీద కమఠుడు శంబరుడనే దేవుడి రూపంలో వచ్చి ఏడురోజులు ఎడతెగని వాన కురిపించాడు, కొండలు విసిరాడు. నాగరాజు ధరణేంద్రుడు పడగలు విప్పి గొడుగు పట్టాడు. పక్కనే పద్మావతి. ఆ దెబ్బతో కమఠుడి పగ తీరిపోయింది. తీరడం అంటే గెలవడం కాదు, అలసిపోవడం. తలవంచి నమస్కరించాడని ఉత్తరపురాణం.

జైన గుళ్లలో ఏడు పడగల కింద నిలబడ్డ పార్శ్వనాథుణ్ని చూసే ఉంటారు. మెదక్ జిల్లా కుల్చారంలో భూమిలోంచి బయటపడ్డ నల్లరాతి విగ్రహం అదే, ఇప్పటికీ పూజలందుకుంటోంది. ఆ పక్కన ఉండే పద్మావతి యక్షి వాహనం ఏమిటో ఎప్పుడైనా గమనించారా? కుక్కుట సర్పం! ఎవరు ఎక్కించారో, ఎందుకు ఎక్కించారో గానీ, స్వామిని పూర్వజన్మలో కాటేసిన జంతువుని చివరికి ఆయన గుమ్మంలోనే కట్టేశారు. హనుమకొండ పద్మాక్షి అమ్మవారు కూడా తొలుత ఈ పద్మావతేనని చరిత్రకారుల మాట. అక్కడి 1117 నాటి శాసనం, కాకతీయ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ జైన బసది కట్టించిందని చెబుతోంది.

కోడిపుంజుకు మరణశిక్ష

కోడితల పాము ఊహ మనకొక్కరికే రాలేదు. ఐరోపాలో దాని పేరు బాసిలిస్క్, కాకట్రీస్. రోమన్ రచయిత ప్లీనీ క్రీ.శ. ఒకటో శతాబ్దంలోనే దాని గురించి రాశాడు. అప్పటికది తల మీద కిరీటం మచ్చ ఉన్న చిన్నపాము మాత్రమే. ఊపిరి తగిలితే చెట్లు మాడిపోతాయన్నాడు. ముంగిసలాంటి వీజిల్ అనే జంతువొక్కటే దాన్ని చంపగలదన్నాడు. మధ్యయుగాలు వచ్చేసరికి దానికి కోడితల, కాళ్లు, రెక్కలు మొలిచాయి. కోడిపుంజు గుడ్డు పెడితే, దాన్ని కప్ప పొదిగితే ఇది పుడుతుందని నమ్మారు. చూస్తే చాలు మనిషి చచ్చిపోతాడట.

నమ్మకం ఎంతదాకా పోయిందంటే... 1474లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఒక కోడిపుంజు గుడ్డు పెట్టిందని దాని మీద కేసు పెట్టారు. విచారణ జరిపి, మరణశిక్ష వేసి, గుడ్డుతో సహా బహిరంగంగా తగలబెట్టారు. కోడిపుంజు తరఫున ఏం వాదించారో పాపం! హ్యారీ పోటర్ రెండో సినిమా (2002) చూసిన పిల్లలకు నేలమాళిగలోని బాసిలిస్క్ గుర్తుండే ఉంటుంది. అది కోడికూత వింటే చస్తుందని ఆ కథలో ఉంది. తల కోడిది, చావూ కోడితోనే.

నిజానికి ఏ పాముకీ జుట్టు ఉండదు. కుబుసం సరిగా ఊడక తల మీద ముక్క మిగిలిపోతే మాత్రం దూరం నుంచి కిరీటంలా కనబడుతుంది. పొలంలో చీకటిపడే వేళ అలాంటిదొకటి ఎదురైతే ఇంటికొచ్చి ఏం చెబుతామో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. తెలుగు పిల్లలకు ఇలాంటి వింతజంతువులు కొత్తా కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలకు చిత్ర వేసిన బొమ్మలు చూసి దుప్పటి ముసుగేసుకున్న తరం ఒకటి ఉంది. ఆ తరానికి కోడిపాము ఒక లెక్కా?

ఇంతకీ అది మన బోధనేనా?

ఇదే అసలు ప్రశ్న. బౌద్ధ గ్రంథాల్లో పదహారు మహాజనపదాలున్నాయి. వాటిలో దక్షిణాదిది ఒక్క అస్సకమే, అంటే అశ్మకం. గోదావరి తీరం. దాని రాజధాని పోతన లేదా పోతలి. భారతంలో అశ్మకుడనే రాజు పౌదన్య నగరం కట్టాడని ఉంది. వేములవాడ చాళుక్యుల శాసనాల్లో పోదన. ఈ పేర్లన్నీ కలిపి చూసి చాలామంది చరిత్రకారులు అది బోధనేనన్నారు. జైనుల్లో దిగంబరులు బాహుబలిది పౌదనపురం అంటే, శ్వేతాంబరులు తక్షశిల అంటారు. కాబట్టి చిక్కు పూర్తిగా విడిపోయిందని చెప్పలేం.

నాకు మాత్రం ఒక సంగతి తమాషాగా అనిపిస్తుంది. దట్టమైన అడవి, మనిషి అడుగుపెట్టలేని చోటు అని శ్రవణబెళగొళలో చెప్పుకుంటున్న ఆ రోజుల్లోనే బోధన్ కళకళలాడే ఊరు! ఇక్కడ రాష్ట్రకూటుల కాలం నాటి ఇంద్రనారాయణ ఆలయం ఉండేది. చాళుక్య సోమేశ్వరుడి కాలంలో, 1056లో దాన్ని బాగుచేయించిన శాసనం ఉంది. బోధన్‌లోని దేవల్ మసీదు నక్షత్రాకారపు కట్టడం, తొలుత జైనాలయమని చరిత్రకారులు చెబుతారు. తుగ్లక్ కాలంలో మసీదుగా మారింది. ఇప్పటికీ స్తంభాల మీద తీర్థంకరుల బొమ్మలున్నాయి. అంటే జైనులు ఇక్కడ ఉన్నారు, గుళ్లు కట్టుకున్నారు, సంతకు వెళ్లారు, పిల్లల పెళ్లిళ్లు చేశారు. ఊరివాళ్లు ఊళ్లో మామూలుగా బతుకుతుంటే, దూరాన ఉన్న భక్తుల ఊహలో మాత్రం ఆ ఊరిచుట్టూ కోడిపాములు తిరుగుతున్నాయి.

మూడు వేల అడుగుల విగ్రహం ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు. ఉండదు కూడా. కానీ వెయ్యేళ్ల కిందటి రాళ్లు, బొమ్మలు ఈ చుట్టుపక్కల పొలాల్లో, చెరువుగట్ల మీద, కొత్త ఇళ్ల పునాదుల్లో ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క కట్టలేదు. ట్రాక్టర్ నాగలికి తగిలిన రాయిని పక్కకు నెట్టేస్తాం. బొమ్మ ఉంటే పసుపు కుంకుమ పెడతాం, ఏ దేవుడో తెలియకపోయినా. బాగుపడిందేమిటంటే 2001లో నిజామాబాద్ తిలక్ గార్డెన్‌లో పురావస్తు మ్యూజియం పెట్టడం. ఆదివారం పిల్లల్ని సినిమాకు తీసుకెళ్లే బదులు ఒకసారి అటు తీసుకెళ్తే, రాళ్లు చూడ్డం కూడా సరదాగానే ఉంటుందని తెలుస్తుంది.

బోధన్‌లో ఇప్పటివాళ్లు దాదాపు కథలా చెప్పుకునేది ఇంకోటుంది. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది. నీళ్లొచ్చాయి, చెరకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. షక్కర్‌నగర్ అని దానికో ఊరే వెలిసింది. ఆసియాలోనే పెద్దదని పేరు. సీజన్లో రాత్రింబవళ్లు బండ్ల వరస, బెల్లపు వాసన, సైరన్. బకుడికి రోజుకి ఒక్క బండే. దీనికి వందల బండ్లు కూడా చాలేవి కావు. కాకపోతే ఇది తిని, తిరిగి పెట్టేది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. గొట్టం నిలబడే ఉంది, పొగే ఆగిపోయింది. అవ్వలు మనవలకు 'గా సైరన్ మోగితేనే మేం పొయ్యి ముట్టించేటోళ్లం బిడ్డా' అని చెబుతుంటే పిల్లలు దాన్ని కూడా బకాసురుడి కథ విన్నట్టే వింటున్నారు.

శ్రవణబెళగొళలో పన్నెండేళ్ల లెక్క ప్రకారం వచ్చే మహామస్తకాభిషేకం 2030లో. నిజామాబాద్ నుంచి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక పని చేయండి. అందరూ తలెత్తి ఆ చిరునవ్వునే చూస్తారు, మీరూ చూడండి. ఆ తర్వాత కిందికి చూడండి. స్వామి కాళ్లకు రెండువైపులా పుట్టలు చెక్కి ఉంటాయి. వాటి కన్నాల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్న పాములుంటాయి. అవి కుక్కుట సర్పాలేనంటారు. మీ ఊరేది అని పక్కనున్న యాత్రికులు అడిగితే, బోధన్ అని చెప్పండి.